మా ప్లాటులో గృహప్రవేశం

మేం అద్దెకుంటున్న వన్ టౌన్ ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టిస్తున్నామని ఇంటివాళ్లు చెప్పినప్పుడు నాకు పెద్దగా బెంగ కలగలేదు. పద్మనాభం వైపు మాకొక ప్లాటుంది. పోర్టులో నా ఉద్యోగం ఇంకా కొన్నేళ్లుంది కాబట్టి బ్యాంకువాళ్లు లోను ఇస్తారు. ఎలాగూ కట్టుకోవాల్సిన ఇల్లే, కాస్త ముందు కట్టుకుంటాం, అంతే అనుకున్నాను. మా ఆవిడైతే ఆ మాట విన్న సాయంత్రమే వంటగది ఎటు రావాలో, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ మా వీధి చివర ఒక టోకు మందుల దుకాణంలో లెక్కలు రాస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ట్యూబులైటు కింద కూర్చునే మనిషి. అందుకే ఇంట్లోకి పొద్దుటెండ పడాలని పట్టుబట్టి, తూర్పు ముఖం ప్లాటు దొరికేదాకా నన్ను లేఅవుట్లన్నీ తిప్పింది.

ఆ ప్లాటు చూపించినాయన మా సెక్షన్లోనే పనిచేసి రిటైరైన పెద్దమనిషి. రిటైరయ్యాక చొక్కా జేబు నిండా విజిటింగ్ కార్డులతో తిరగడం మొదలుపెట్టాడు. "బావ, నీకు కాపోతే మరెవలికి సూపిస్తాను. కళ్లు మూసుకుని తీసీసుకో" అన్నాడు. మేం కళ్లేమీ మూసుకోలేదు. పాత పత్రాలు లాయరుకు చూపించాం. రిజిస్ట్రేషను చేయించాం. నాలుగు మూలలా రాళ్లు పాతుతుంటే దగ్గరుండి చూశాం. అక్కడితో కొనడం అయిపోయిందనుకున్నాం.

మొదట్లో నాలుగైదు నెలలకోసారి వెళ్లి చూసొచ్చేవాళ్లం. తర్వాత కరోనా వచ్చింది. దాని వెనకే మా నాన్న మంచాన పడ్డాడు. ఆయన పోయాక ఊళ్లో పనులు. ఏడాదికోసారి పన్ను కట్టిన రసీదు చూసుకుని, ప్లాటు ఉన్నచోటే ఉంది కదా అనుకునేవాళ్లం. భూమి ఎక్కడికి పోతుంది అని మా ఆవిడతో నేనే అన్నాను, ఒకటికి రెండుసార్లు.

ఆ ఆదివారం పొద్దున్నే ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని బయల్దేరాం. బోరు ఎక్కడ వేయించాలో, పునాది ఎంత లోతు తియ్యాలో చూడమని. ఆయన తన బండి మీద వెనక వస్తున్నాడు. లేఅవుట్‌కి ఇప్పుడు పడమటి వైపు నుంచి తారు రోడ్డు పడింది. మేం కొన్నప్పుడు తూర్పున ఉన్న మట్టి బాట ఒక్కటే దారి. నాకు అటు నుంచి వెళ్తేనే గుర్తు కాబట్టి, తుప్పలు పెరిగిపోయినా ఆ పాత బాటలోకే తిప్పాను. జీడితోట దాటి, కల్వర్టు దాటి లోపలి వీధిలోకి మలుపు తిరిగామో లేదో మైకులో పాటలు వినిపించాయి.

మా ప్లాటులో ఇల్లుంది.

పిస్తా రంగు వేసిన కొత్త ఇల్లు. గుమ్మానికి మామిడాకులు. ముందు షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల నిండా జనం. పక్కన పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు. ఎవరో గరిటెతో పులిహోర కలుపుతున్నారు.

నేను బండి ఆపాను. స్టాండు వెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదు. మా ఆవిడ వెనక నుంచి దిగి, "మనం ఏరే లేఅవుట్‌కి ఒచ్చీసినామేటి?" అంది.

"నానూ అదే సూస్తన్నాను" అన్నాను.

వేరే లేఅవుట్ కాదు. ఉత్తరం నుంచి లెక్కపెట్టాను. మూడోది మాది. మళ్లీ లెక్కపెట్టాను. మా ఆవిడ కూడా వేలితో గాలిలో లెక్కపెడుతోంది. మేస్త్రీ వచ్చి పక్కన బండి ఆపి, "ఏదండి మీ జాగా?" అని అడిగాడు. మా ఆవిడ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చెప్పకపోయినా ఆయనకి అర్థమైపోయినట్టుంది. బండి పక్కకి తీసుకుపోయాడు.

ఈలోగా షామియానా కింద నుంచి ఒకాయన మా వైపు గబగబా వచ్చాడు. ఎండకీ ఉప్పునీటికీ బాగా నల్లబడ్డ మనిషి, కొత్త పంచె, పంచె అంచుకి పసుపు మరకలు. నాకన్నా కాస్త పెద్దవాడై ఉంటాడు. మేం చుట్టాలమో, చుట్టాల తాలూకు వాళ్లమో అనుకున్నాడు.

"రండి బాబు, రండి. ఎండలో నిలబడిపోనారేటి. రామ్మా, లోపలికి రా. కూకోండి, టిఫిన్లు అవుతన్నాయి" అన్నాడు.

కాళ్లు ఆయన వెనకే నడిచాయి. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఒకమ్మాయి చేతుల్లో ప్లేట్లు పెట్టింది. బూరె, పులిహోర, పనసపొట్టు కూర. నేను ఆ ప్లేటు పట్టుకుని ఇంటి గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ గోడ ఉన్నచోట మా ఆవిడ ఒకప్పుడు నిలబడి, "ఇక్కడ కిటికీ వస్తాది" అని చెప్పింది. అక్కడ నిజంగానే కిటికీ ఉంది.

ఆ ఇంటి పెద్దావిడ, ఆయన తల్లి, మా ఆవిడ పక్కన చేరి కబుర్లు మొదలుపెట్టింది. వాళ్లది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఊరట. తరతరాలుగా వేట. పోయిన తుఫానుకి ఒడ్డు కోసుకుపోయి ఇల్లు సగం సముద్రంలో కలిసిపోయిందట. "ఇంక దరిని ఉండలేం అని మా కోడలు గోల. పడవలో వాటా అమ్మేసి కట్టీసినాడు మావోడు. తూరుపు మొగం ఒచ్చిందమ్మా, మా అదురుట్టం" అందావిడ. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదు, ఏడుపు కాదు. ఎవరో చెంప మీద కొట్టి వెళ్లిపోతే, ఎందుకు కొట్టారో తెలియని మనిషి చూపు.

నేను ప్లేటు కింద పెట్టి ఇంటాయన్ని పక్కకి పిలిచాను. బోరు దగ్గరికి వెళ్లాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఈ జాగా మీకెవలు సూపించినారు?" అని అడిగాను.

ఆయన సంతోషంగానే పేరు చెప్పాడు. మాకు చూపించిన పెద్దమనిషే.

"ఈ జాగా మాది" అన్నాను.

ఆయన నవ్వాడు. హాస్యమాడుతున్నాననుకున్నాడు. నేను నవ్వలేదు. ఆయన మొహంలో ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోవడం చూశాను. తిరిగి ఇంటికేసి చూశాడు, జనానికేసి చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "బాబు, ఈ భోజనాలొక్కటీ అవనివ్వండి. మా అమ్మకి గుండె బాగోదు" అన్నాడు.

మేం భోజనాలయ్యేదాకా ఉండలేదు. వచ్చేస్తుంటే ఆయన భార్య పరుగెత్తుకుంటూ వచ్చి మా ఆవిడ చేతిలో జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ పెట్టింది. మా ఆవిడ పుచ్చుకుంది. బండి మీద వన్ టౌన్ వచ్చేదాకా దాన్ని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.

ఆ వారమంతా నాకు ఆఫీసులో ఎవరేం చెప్పినా బుర్రకెక్కలేదు. క్రేన్ కింద నిలబడి హారన్ వినిపించుకోకపోతే పక్కవాడు చొక్కా పట్టుకుని లాగాడు. భూమి కబ్జా అయిందనో, ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మేశారనో పేపర్లో చదివినప్పుడు, వాళ్లు ఆశకి పోయి ఉంటారులే అనుకునేవాణ్ని. మాకేం జరిగిందో నాకు అర్థమయ్యేది కాదు. మా దగ్గర కాగితాలున్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా అక్కడ ఎవరిదో పొయ్యి వెలుగుతోంది.

ప్లాటు చూపించిన మా పాత సీనియర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్తే ఊళ్లో లేడన్నారు. ఒక లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన పత్రాలు తిరగేసి, "మీరే గెలుస్తారు. కాకపోతే ఎప్పుడు గెలుస్తారని నన్నడక్కండి. ముందు సర్వే చేయించండి" అన్నాడు. సర్వే మాట ప్లాటు కొన్న రోజునే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. రాళ్లు పాతడం చూడటం వేరు, కొలిపించి మనుషుల ముందు ఒప్పించుకోవడం వేరు. రాళ్లు ఎవరైనా పీకేయొచ్చు.

సర్వే రోజున రెండు కుటుంబాలూ వచ్చాం. సీనియర్ కూడా వచ్చాడు. తప్పించుకోవడం ఇంక కుదరదని అర్థమై ఉంటుంది. సర్వేయరు తారు రోడ్డు వైపు పోకుండా, పాత మట్టి బాట మీద కల్వర్టు దగ్గర మొదలుపెట్టాడు. లేఅవుట్ వేసినప్పటి నుంచి కదలకుండా ఉన్నది అదొక్కటే. అక్కడి నుంచి టేపు పట్టుకుంటూ వరస వరసా కొలుచుకొచ్చాడు. మేమంతా ఆయన వెనక నడిచాం. చివరికి ఆ ఇంటి గోడ దగ్గర ఆగి, "ఇది వీళ్లది" అని నన్ను చూపించాడు. తర్వాత వీధికి అవతల, సరిగ్గా ఆ ఇంటికి ఎదురుగా, తుప్పలు మొలిచి ఉన్న ఖాళీ జాగా చూపించి, "ఇదండి మీది" అని ఇంటాయనతో అన్నాడు.

జరిగిందేమిటో అప్పుడు తెలిసింది. లేఅవుట్‌లో నాలుగు వరసలు. నంబర్లు వేసింది తూర్పున మట్టి బాట వైపు నుంచి. వాళ్లది రెండో వరస, మాది మూడో వరస, మధ్యలో వీధి. ఆ మధ్య ఎవరో తుప్పలు కొట్టించడానికి జేసీబీ పెడితే మూల రాళ్లన్నీ లేచిపోయాయి. ఆ తర్వాత వీళ్లు ఇల్లు కట్టుకుంటామని వస్తే, మా సీనియర్ తారు రోడ్డు మీద కారు ఆపి, అటు నుంచి వరసలు లెక్కపెట్టి, రెండో వరసలో ఉత్తరం నుంచి మూడోది చూపించి వెళ్లిపోయాడు. అటు నుంచి రెండోది ఇటు నుంచి మూడోది. వాళ్లు కొన్నది పడమర ముఖం ప్లాటు, కట్టుకున్నది తూర్పు ముఖం ప్లాటులో. పునాది తీసినప్పుడు కూడా ఎవరూ కొలవలేదు. అంతా నంబరు సరిపోయిందనుకున్నారు. ఎవరూ మోసం చెయ్యలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ దిమ్మ తిరిగింది అక్కడే. తిట్టడానికి ఒక దొంగ అయినా లేడు.

సీనియర్ నా భుజం మీద చెయ్యేసి, "అయితే ఏటయిపోనాది బావ. ఎదురెదురే కదా" అన్నాడు.

ఆయన చెయ్యి తీసేసి పక్కకి జరిగాను. కొట్టేస్తానేమోనని నాకే భయమేసింది. అవతల ఇంటి పెద్దావిడ గుమ్మం మీద కూలబడి ఉంది. కొడుకు ఆవిడతో ఏదో చెబుతున్నాడు. ఆవిడ వినడం లేదు.

వెళ్లేముందు ఆయన నా దగ్గరికి వచ్చి, "కొంచెం టైమియ్యండి బాబు" అన్నాడు. దేనికో చెప్పలేదు. నేనూ అడగలేదు. డబ్బు సర్దడానికి కాబోలు, మా జాగా ధర కట్టి ఇచ్చేస్తానంటాడు కాబోలు అనుకున్నాను. మా ఆవిడా నేనూ ఇంట్లో దాని గురించే వాదించుకున్నాం. ఆ ధరకి ఇప్పుడు మరెక్కడా తూర్పు ముఖం దొరకదు. లాయరుకి కాగితాలిచ్చి కేసు వెయ్యమని చెప్పాలన్నాను నేను. ఆవిడ ఔననలేదు, కాదనలేదు.

రెండు వారాలు గడిచాయో లేదో మా మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆ ఆదివారం మాతో వచ్చినాయనే.

"బాబు, మీ జాగాలో ఇల్లు ఇప్పదీసేత్తన్నారు. గోడలు కొట్టడానికి నన్నే పిలిసినారు. ఏటి సెయ్యమంటారు?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాను. సగం పూట సెలవు పెట్టి, మా ఆవిడని దుకాణం దగ్గర ఎక్కించుకుని వెళ్లాను.

మేం వెళ్లేసరికి వీధి గుమ్మానికి తలుపు లేదు. పసుపు, కుంకుమ బొట్లు ఇంకా ఆరినట్టయినా లేని ఆ తలుపు వేపచెట్టుకి ఆనించి ఉంది. కిటికీలన్నీ ఊడదీసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. కిటికీలు ఉన్నచోట గోడలో చతురస్రపు కన్నాలు, వాటిలోంచి వెనక తారు రోడ్డు కనిపిస్తోంది. వీధికి అవతల, తుప్పలు కొట్టిన తమ ప్లాటులో నీలం టార్పాలిన్ కట్టుకుని దాని కింద సామాన్లు పెట్టుకున్నారు. గ్యాసు బండ, పప్పుల డబ్బాలు, ఒక టీవీ, ఒక వల. పెద్దావిడ నులకమంచం మీద పడుకుని ఉంది. ఆయన భార్య పొయ్యి దగ్గర అన్నం వారుస్తోంది. మొన్న మేం బూరెలు తిన్న చోటికి వీధి దాటితే ఆ పొయ్యి.

ఆయన ఇంట్లోంచి చేతిలో కరెంటు తీగల చుట్టతో బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఇదేటి సేత్తన్నారు?" అన్నాను.

"మీ జాగా మీకు ఒప్పసెప్పాల కదా బాబు. తలుపులూ కిటికీలూ మల్లీ పనికొస్తాయని ముందు అవి తీసీసినాం. గోడలకి మేస్త్రీని రమ్మన్నాం."

"కూల్చమని మేం అడగనేదు కదా."

"అడగనేదు. నా వల ఏసుకున్న సోట ఇంకోడు ఒచ్చి వల ఏస్తే నానేటి అనుకుంటానో నాకు తెల్దేటి. మీరు మంచోలు కాబట్టి ఊరుకున్నారు. ఎన్నాల్లు ఊరుకుంటారు?"

"ఉన్నదంతా ఎట్టి కట్టుకున్నారు కదా."

"సముద్రం తీసుకుపోయిన ఇల్లు కూడా ఉన్నదంతా ఎట్టి కట్టుకున్నదే" అన్నాడు. కోపంగా అనలేదు. తీగలు చుట్టుకుంటూనే అన్నాడు.

లాయరు చెప్పినవేవీ నాకు గుర్తు రాలేదు. నేను అక్కడికి ఒక జాగా కోసం వచ్చాను. ఆ మనిషి నా జాగా నాకు ఇచ్చేస్తున్నాడు. తీసుకోవడానికి చేతులు రావడం లేదు. మా మేస్త్రీ సుత్తి కింద పెట్టి మా మొహాలకేసి చూస్తున్నాడు.

మా ఆవిడ ఊడదీసిన కిటికీల దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడింది. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "ఇవన్నీ మల్లీ బిగించడానికి ఎంతసేపు పడతాది?" అని అడిగింది.

మేస్త్రీ నన్ను చూశాడు.

"ఆయన్ని సూడకు. నానడుగుతన్నాను."

"రేపటికల్లా అయిపోద్దమ్మ."

"బిగించీయి" అంది. ఆ తర్వాత వీధి దాటి టార్పాలిన్ కిందకి వెళ్లి ఇంటాయన భార్యతో, "మీ ఇంట్లోకి మీరెల్లిపొండి. ఈ జాగా మాకిచ్చీయండి, ఆ జాగా మీరుంచుకోండి. సామాన్లు ఎండలో ఎట్టకండి, పాడైపోతాయి" అంది.

ఆ మనిషి చేతిలో తీగల చుట్ట జారి కిందపడింది. ఆయన భార్య గంజి గిన్నె అలాగే పట్టుకుని మా ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. నా సంగతి చెప్పాలంటే, ఆ ఇంటిని మొదటిసారి చూసినప్పుడు ఎలా అయ్యానో మళ్లీ అలాగే అయ్యాను. పదిహేను రోజులుగా వాదించుకుంటున్నాం, ఈ మాట నాతో ఒక్కసారైనా అనలేదు.

తిరిగి వస్తూ జీడితోట దగ్గర బండి ఆపేశాను. దిగి చెట్టు కింద నిలబడి, "నన్ను ఒక్క మాట అడగాల కదా" అన్నాను.

"మీరు లాయరు దగ్గరికెల్లినప్పుడు నన్నడిగినారా?"

"అది ఏరు. తూర్పు మొగం జాగా ఇచ్చేసి పడమర మొగం జాగా తీసుకుంటారా ఎవలైనా? దాని ధరేటి, దీని ధరేటి. రేపు అమ్ముకోవాలంటే ఎవలు కొంటారు?"

"అమ్ముకోడానికి కొనుక్కున్నామేటి? ఉండడానికి కదా." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "కేసు గెలిస్తే మీకు ఏటొస్తాది? ఖాళీ జాగా. ఎదురుగా ఖాళీ జాగా ఉండనే ఉన్నాది. ఈ ఖాళీ జాగా ఒగ్గేసి ఆ ఖాళీ జాగా తెచ్చుకోడానికి మధ్యలో ఒక ఇల్లు పడిపోవాల? ఆ సోట రోజూ ముగ్గెట్టాల నాను?"

"మరి పొద్దుటెండ?"

"ఎనకవైపు తూరుపే కదా. వంటగది ఎనక్కి ఎట్టుకుంటాను."

నాకు కోపం తగ్గలేదు. చాలా రోజులు తగ్గలేదు కూడా. మా అత్తగారు పడమర ముఖం ఇల్లు కలిసిరాదని మొత్తుకుంది. ఆఫీసులో కొందరు నన్ను తెలివితక్కువవాడన్నారు. ఆ మాట పూర్తిగా తప్పని ఈ రోజుకీ అనలేను. డబ్బు లెక్కన చూస్తే మేం నష్టపోయాం. ఆయన తేడా కింద ఎంతో కొంత ఇస్తానంటే మా ఆవిడ, "ముందు పడవలో వాటా మల్లీ కొనుక్కోండి, తర్వాత సూద్దాం" అంది. ఆ తర్వాత చూడటం అంటూ ఇంకా జరగలేదు.

మార్పిడి పత్రం రాయించి రిజిస్ట్రేషను చేయించుకున్నాం. దాని ఖర్చు పెట్టుకున్నది మా సీనియర్. ఇష్టపడి పెట్టుకోలేదు. మా ఆవిడ, ఆ పెద్దావిడ కలిసి ఒక రోజు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి వరండాలో కూర్చున్నారు. మజ్జిగిస్తే తాగారు, టిఫిను పెడితే తిన్నారు, లేవలేదు. మధ్యాహ్నానికి ఆయన ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషను ఆఫీసు నుంచి నేరుగా లేఅవుట్‌కి వెళ్లి, ఆ రోజే సిమెంటు స్తంభాలు పాతించి చుట్టూ ముళ్లకంచె వేయించాను. ఆ మర్నాటికి ఎందుకు వాయిదా వెయ్యలేదని ఎవరూ అడగలేదు. పునాది తీసే రోజున మళ్లీ సర్వేయరుని పిలిచాను. కొలిచినవాటినే మళ్లీ కొలవడమేమిటని ఆయన విసుక్కున్నాడు. నేను కల్వర్టు దాకా నడిచి వెళ్లి టేపు కొస నా చేత్తోనే పట్టుకున్నాను.

ఇప్పుడు పోర్టులో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎక్కడైనా జాగా కొనాలంటే నన్ను అడుగుతారు. రుషికొండ అవతల కొనొచ్చా, ఆనందపురం వైపు కొనొచ్చా, ఎంత పెరుగుతుంది అని. ఎంత పెరుగుతుందో నాకు తెలియదు. నేను చెప్పేది వాళ్లకి పెద్దగా రుచించదు. కొనేముందు ఎండలో ఒకసారి, గట్టి వానలో ఒకసారి వెళ్లి చూడమంటాను. అమ్మేవాడి కారులో కాకుండా సొంత బండి మీద, ఒంటరిగా వెళ్లమంటాను. పక్క ప్లాటు వాళ్లెవరో కనుక్కుని ఫోన్ నంబరు తీసుకోమంటాను. అక్కడ పశువులు మేపుకునేవాళ్లతో మాట్లాడి, ఈ నేల ఎవరిదని అడగమంటాను. రిజిస్ట్రేషనుకి డబ్బు దాచుకున్నట్టే కంచెకీ సర్వేకీ కొంత దాచుకోమంటాను. అది మిగలకపోతే ఇంకో ఏడాది ఆగమంటాను. ఏడాదికోసారి రిజిస్ట్రేషను ఆఫీసులో ఈసీ, అదే ఆ జాగా మీద ఏ అమ్మకాలు, తాకట్లు నమోదయ్యాయో చెప్పే కాగితం, తీయించమంటాను. ఈసీ తీస్తే కాగితం మీద ఏం జరిగిందో తెలుస్తుంది, నేల మీద ఏం జరుగుతోందో తెలియదు. దానికి కాళ్లతో వెళ్లాల్సిందే.

ఒక కుర్రాడికి ప్లాటు చూడటానికి తోడు వెళ్లాను. నేను అటూ ఇటూ తిరుగుతూ రాళ్లు కదిపి చూస్తుంటే, పాత దారి ఎటు ఉండేదని అమ్మేవాణ్ని అడుగుతుంటే ఆ కుర్రాడు నవ్వి, "మీరు జాగా కొనడానికి ఒచ్చినట్టు నేరు. దొంగలు పడిన ఇంటికి ఒచ్చినట్టున్నారు" అన్నాడు. నిజమే కాబోలు. ఊరెళ్లి నాలుగు రోజులకి తిరిగొస్తున్నప్పుడు, మా వీధి మలుపు తిరిగే దగ్గర ఇప్పటికీ నా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. మా ఇల్లు కనిపించాక గానీ ఊపిరి ఆడదు. మా ఆవిడకి ఆ బాధ లేదు. ఆవిడ బాధ వేరు. మధ్యాహ్నం మూడు దాటితే ముందు గదిలో కూర్చోలేం, పడమటెండ నేరుగా కొడుతుంది. అప్పుడప్పుడు ఎదురింటి అరుగు మీద నీడలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ, "ఈ అరుగు నాది అవ్వాల్సింది" అంటుంది. ఎదురింటావిడ నవ్వదు. "అందుకే కదమ్మ కూకోమంటన్నాను" అంటుంది.

మొన్న శీతాకాలంలో మా పక్క ఖాళీ ప్లాటులోకి ఒక జేసీబీ వచ్చింది. చప్పుడు వినగానే నేను తింటున్న కంచం ముందు నుంచి లేచి చేతికి మెతుకులుండగానే బయటికి పరుగెత్తాను. అప్పటికే ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టుకుని ఆ యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. వేటకి వెళ్లొచ్చి పడుకున్నవాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. డ్రైవరు, "ఆ చివరాఖరి ప్లాటు సదును సెయ్యమన్నారండి" అంటున్నాడు. చివరాఖరి ప్లాటంటే ఎటు నుంచి చివరిదని అడిగాం. వాడికి తెలియదు. పని చెప్పినవాడికి ఫోన్ చేస్తే వాడికీ తెలియదు. సాయంత్రం దాకా జేసీబీ కదలనివ్వలేదు మేం.

ఆ ప్లాటు యజమాని నంబరు నా దగ్గరుంది. ఆయనకి ఫోన్ చేసి విషయం చెప్పాను. మర్నాడు పొద్దున్నే గాజువాక నుంచి వచ్చాడు. స్టీలు ప్లాంటులో పనిచేస్తాడట. కొన్నాక రావడం ఇదే మొదటిసారి. ఏమీ జరగలేదు. ఆయన నేల ఆయనకి అలాగే ఉంది, నాలుగు రాళ్లలో మూడు తుప్పల్లో దొరికాయి. అయినా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆవిడ చెంబుతో మంచినీళ్లు తెచ్చింది.

ఎదురింటాయన ఆ చెంబు ఆయన చేతికి అందనివ్వకుండా తనే పుచ్చుకున్నాడు.

"ముందు కంచె స్తంభాలకి ఫోన్ సెయ్యి బావ" అన్నాడు. "తర్వాత తాగుదువు."